సరిత నాటిన వరుస

దవాఖాన మంచం మీదికెల్లి గట్ల గుడ్లురిమి చూడకు తమ్మీ. కొట్టిన. అవ్, నేనే కొట్టిన. జూలూరుపాడుల ఎటు పోయినా జనం నన్నే చూస్తుండ్రు. కాశయ్య అక్కట, సొంత తమ్ముని దవడ పారతోని పలగ్గొట్టిందట! అననీ.

మరేం జెయ్యాలె? మిర్పతోట మొత్తం తలకాయలు వాల్చి కళ్ళ ముంగటనే సచ్చిపాయె. నీ నర్సరీ నారే గదా? మట్టి లేకుంట ట్రేలల్ల కొబ్బరిపొట్టు పోసి పెంచితివి. మన్ను ముట్టని మొక్క మన్నుల ఎట్ల బతుకుతదిరా అని అడగనీకే వచ్చిన. వట్టి చేతులతోనే వచ్చిన. నువ్వేమో నవ్వితివి. "నాటేటప్పుడు ఏం జేసినవక్కా?" అని నవ్వితివి. నా తోట పీనుగులెక్క పడుంటే నవ్వుతవా? పక్కన పార కనబడ్డది. ఎత్తిన. రెండోసారి ఎందుకు ఎత్తిన్నో నాకే తెల్వదు.

నెత్తురు చూసి ఆగిన్నా? ఆగలే. రోడ్డు మీదికి ఉరికి "నకిలీ నారు, నకిలీ నారు" అని అరిచిన. గంతే, ఊరు ఊరంత నీ మీద పడ్డది. నారుకు నీడకని కట్టిన షేడ్ నెట్టు చింపి అగ్గి వెట్టిండ్రు. ట్రేలను కాళ్ళకింద ఏసి తొక్కిండ్రు. నిన్ను ఎత్తుకొని పెంచిన దూలయ్య మామ గూడ తొక్కిండు. నువ్వు నేలమీద పడి చూస్తనే ఉంటివి.

ఏంది, నొస్తుందా? నర్సమ్మను పిలవాల్నా? ఆగు, ఇది ఇన్నంక పిలుస్త.

నారు ట్రాక్టరుకెక్కిచ్చేటప్పుడు నువ్వు చెప్పినవ్. "పొట్టు రాలనియ్యకక్కా, ముద్ద ముద్దనే పెట్టు" అన్నవ్. నాకు చెప్తవారా? అమ్మ కాలం నుంచి మడిల నారు పీకి, వేర్లు తెల్లగ కడిగి నాటినోళ్ళం. వేరుకు నల్లరేగడి తగలాలంటే అడ్డం ఏముండొద్దని, ప్రతి మొక్కను పిండి, బకెట్ల జాడిచ్చి నాటిపిచ్చిన. నా కోడలు సరిత ఒక్కతి బద్ధకానికి పొట్టుతోనే పెట్టుకుంట పోతుంది. ఊకుంటనా? జుట్టు వట్టి వంచి వీపు మీద గుద్దిన.

నిన్న పొద్దుగాల తోటకు పోయిన. అంత ఎండుపుల్లలే. గట్టుపొంటి ఒక్క వరుస మాత్రం పచ్చగ నిలబడ్డది తమ్మీ. సరిత నాటిన వరుస.

ఏం జేసిన్నో తెల్సా? పీకిన. కసకస పీకిన. ఒక్కటి మిగిలినా ఊరోళ్ళు నా మొఖాన ఉమ్ముతరని, వేళ్ళు చీరుకపోయేదాక పీకిన. తలెత్తితే గట్టు మీద సరిత. వీపు తిప్పి ఇంటికి పోయింది. బూతులు తిట్టినా బాగుండు.

ఆఖరిది ఒక్కటి పీకి గూడ పారేయబుద్ది గాలే. కొంగుల కట్టుకొచ్చిన. ఇగో. పొట్టు ముద్దల నుంచి తెల్లటి వేర్లు బయటికొచ్చి, నల్లమట్టిని ఎట్ల వట్టుకున్నయో చూడు.

నీ మాట రాసుకోనీకె ఎస్సై సారు వరండాల కూసున్నడు. నోటితోని చెప్పలేకపోతే సైగ జేస్తే చాలన్నడు. దీన్ని నీ మంచం మీద పెడ్తున్న. నారు మంచిదే, తప్పు నాదే అని నేనే చెప్పాలె అనుకొని వచ్చిన. గనీ నా మీద నాకు నమ్మకం లేదు. ఆయన బూట్ల సప్పుడు ఇంటే నా చెయ్యి మళ్ళ దీన్ని కొంగులకు లాగుతది.

వట్టుకో తమ్మీ. నా చెయ్యి గట్టిగ వట్టుకో. దవడనే గదా నేను పలగ్గొట్టింది, నీ చేతులు మంచిగనే ఉన్నయ్.