ఖాతా మూసే పాఠం

నరసరావుపేటలో సాయి ప్రియ ఇల్లు. ఎదురుగా లాప్‌టాప్‌లో వెబినార్, చెవి దగ్గర ఫోను, ఫోనులో అక్క మొగుడు వెంకటకృష్ణ. కెమెరా ఆపి ఉన్నందుకు ఆమె మనసులోనే దేవుడికి దండం పెట్టుకుంది. చెవి దగ్గర ఫోను ఉన్న సంగతి ఎవరికీ కనపడదు.

“...ముందు మైకు ఆపావా లేదా, అది చెప్పు.”

“ఆపా బావా. రెండుసార్లు చూసుకున్నా.”

“పాఠం ఎక్కడిదాకా వచ్చింది?”

“ఇయ్యాల ఆఖరుది. మొదట ఆఫీసోళ్ళందరికీ గ్రూపులు కట్టడం చెప్పారు. నిన్న అనుమతుల పేజీలు తయారు చెయ్యడం. ఇయ్యాల మనుషుల్ని తీసెయ్యడం.”

“మనుషుల్నా?”

“ఖాతాల్ని బావా. ఉద్యోగంలోంచి పోయినోళ్ళవి, పక్కన పెట్టినోళ్ళవి.”

“సాయి ప్రియ గారూ, నేను నజీమాని. ట్రైనర్ని మర్చిపోయారా? మీరు చేయబోయేది ఉత్తుత్తి అభ్యాసం కాదు, మీ కంపెనీ అసలు సైటు. అడ్మిన్ అధికారం ఈ క్లాసు అయ్యేదాకే ఇచ్చారు. పాసైతే ఉద్యోగం ఖాయం, లేకపోతే లేదు. అర్థమైందా?”

“యెస్ మేడమ్! వింటున్నా మేడమ్... ఆపేశా బావా, మళ్ళీ ఆపేశా.”

“మూసెయ్యాల్సింది ఎవరిదో వచ్చిందా?”

“ఊఁ.”

“నాదేగా?”

“...నీదే.”

“అనుకున్నా. కోల్డ్ స్టోరేజీలో నా కుర్చీ నిన్ననే వరండాలో పెట్టారు. సరే, విను. మూసే ముందు హిస్టరీ అని ఉంటది, అది తెరువు. తిరునాళ్ళ రోజు సరుకు లోపల పెట్టమని నా పేరుతో ఓకే కొట్టింది ఎక్కడి నుంచో చూడు.”

“నెట్ తిరుగుతా ఉంది బావా.”

“తిరగనీ. రేపు గుంటూరులో కంపెనీ విచారణ. మామయ్య తడి మిరపకాయని నేనే లోపల పెట్టించానంటారు. పెట్టించానా? మీ నాన్న లారీ గేటు దగ్గర నిలబడితే మొహం మీదే వద్దన్నా. తడి మిరపకాయ లోపలికి పోతే పక్క రైతుల బస్తాలకీ బూజు పడతదని చెప్పా. ఆ కోపంతో ఆయన నా పెళ్ళాంతో కూడా మాట్లాడలేదు.”

“తెలుసు బావా.”

“నేను కోటప్పకొండ తిరునాళ్ళలో ప్రభ బండి ముందుంటే, ఇక్కడెవడో నా ఖాతాలోంచి ఓకే అన్నాడు. ఎంతమంది సరుకు నాశనమైందో చూశావుగా. పెదకూరపాడు నుంచి వచ్చిన ముసలాయన నా చొక్కా పట్టుకున్నాడు. నేను ఏమనను ఆయన్ని?”

“నీ పాస్‌వర్డ్ అందరికీ తెలుసుగా. ఎవరని చెప్తావ్?”

“ఏం చెయ్యమంటావే? ఒక్కొక్కళ్ళకి ఒక్కోటి ఇస్తే రోజూ మర్చిపోయి నా చుట్టూ తిరిగారు. అందరూ నాదే వాడుకోండని కేలండర్ పక్కన గోడ మీద రాశా.”

“గోడ మీదా! మేడమ్ వింటే మూర్ఛపోతది.”

“ఫ్రిజ్ మీద కూడా ఉంది. మీ అక్కే రాసింది, నాకు మతిమరుపని. ఏం, ఎందుకు ఆగిపోయావ్?”

“ఏం లేదు.”

“ప్రియ గారూ, స్క్రీన్ మీద రెండు గడులు కనపడుతున్నాయి కదా? మొదటిది, హిస్టరీ భద్రంగా దాచిపెట్టి ఖాతా మూయడం. రెండోది, హిస్టరీతో సహా తుడిచేయడం. రెండోదైతే మళ్ళీ ఎవ్వరూ తీసుకురాలేరు, నేను కూడా. ఏది చెయ్యాలో అడ్మిన్‌కే వదిలేశారు మీ ఆఫీసు వాళ్ళు. త్వరగా తేల్చుకోండి, మీ తర్వాత ఇంకా మనుషులున్నారు.”

“ఓకే మేడమ్... బావా, చానామంది రెండోదే నొక్కుతున్నారు.”

“పిచ్చిదానా! మొదటిది. మొదటిది నొక్కితే బతికా. ముందు హిస్టరీ చదువు. వచ్చిందా?”

“వచ్చింది... కానీ అర్థం కావటంలా.”

“బీటెక్ చదివినదానివి, ఒక్క లైను అర్థం కాదా? దానికా నేను ఆఫీసులో అందరి కాళ్ళూ పట్టుకుని నిన్ను పెట్టించింది?”

“అరవబాక బావా. ఇంకో మాట చెప్తా. నువ్వే చేశానని ఒప్పేసుకుంటే? మామగారి మీద జాలితో చేశానను. మహా అయితే ఇంటికి పంపుతారు.”

“ఇంటికి పంపితే నీ మొగుడొచ్చి పోషిస్తాడా? శ్రీహరి కౌలుకి చేసిన పత్తే నేలపాలైందాయె. పైగా చెయ్యని తప్పు నేనెందుకు మొయ్యాలి? బ్రహ్మయ్యగాడు హాయిగా తిరుగుతా ఉంటే!”

“గుమస్తా బ్రహ్మయ్య ఏం చేశాడు?”

“వాడే. తాళాలు వాడి దగ్గర, ఆఫీసు ఫోను వాడి చేతిలో. మీ నాన్న వాడికేదో చేతిలో పెట్టుంటాడు. పిల్లల మీద ఒట్టేసి కాదంటన్నాడు, దొంగ ఏడుపులు. సాయంత్రం స్టేషన్‌కి పోతన్నా. ఎస్సైతో మాట్లాడా, నాలుగు తగిలిస్తే చెప్తాడన్నాడు.”

“వద్దు బావా.”

“ఏం వద్దు?”

“వాణ్ణి కొట్టించబాక. వాడు కాదు.”

“...ఎట్టా చెప్తావ్? వచ్చిందా ఆ లైను? చదువు. మాచర్లలో కంపెనీ గోడౌనా, ఇక్కడ ఆఫీసా?”

“రెండూ కాదు.”

“ప్రియా.”

“మా ఇల్లు. మా ఇంటి వైఫై నుంచి.”

“మీ ఇల్లా?”

“నేనే బావా. నేనే నొక్కా. నాన్న ఏడిస్తే చూడలేక నొక్కా. నన్ను తిట్టు, కొట్టు, కానీ బ్రహ్మయ్యని వదిలెయ్.”

“నువ్వా.”

“నేనే.”

“తిరునాళ్ళ రోజు నువ్వు నా పక్కనే ఉన్నావు గదే. నువ్వూ శ్రీహరీ. ప్రభ కదిలేటప్పుడు నా కండువా నీ చేతిలోనే ఉంది.”

“మధ్యలో... మధ్యలో ఇంటికొచ్చా.”

“ఆ జనంలోంచా? అబద్ధం కూడా సరిగ్గా చెప్పలేవు. ఎవరున్నారు మీ ఇంట్లో?”

“ఎవరూ లేరు బావా.”

“మోకాలు నొప్పి, కొండకి రాలేనంటే మీ ఇంటి దగ్గర దిగబెట్టి...”

“బావా, ఇక ఆపు.”

“...నేనే దిగబెట్టి వచ్చా.”

“నాన్న వచ్చి అక్క ముందు గుమ్మంలో కూర్చుని ఏడ్చాడంట. కాయ రోడ్డు మీద తడుస్తా ఉంది, ఈసారి పోతే పురుగుల మందు తాగటమేనన్నాడంట. అక్క నొక్కిందే గానీ ఇంతదాకా వస్తదని దానికి తెలియదు బావా. నాకు తెలిశాక చెప్దామనుకున్నా. రోజూ అనుకున్నా.”







“ప్రియ గారూ, ఇక ఆఖరి నిమిషం. దాస్తారా, తుడిచేస్తారా?”

“మేడమ్, ఒక్క క్షణం... బావా, ఏం చెయ్యను? మొదటిది నొక్కనా? చెప్పు, నొక్కుతా. ఒట్టు.”

“రెండోది.”

“నీ ఉద్యోగం?”

“రెండోది నొక్కు. రేపు గుంటూరులో నేనే చేశానంటా. జాలిపడి చేశానంటా, నువ్వు చెప్పినట్టే.”

“వాళ్ళు ఇంటికి పంపి ఊరుకోరు బావా. రైతులంతా కేసు పెడతామంటన్నారు.”

“నొక్కవే!”

“...నొక్కా.”

“శభాష్ ప్రియ గారూ! తప్పు లేకుండా చేశారు. పాసయ్యారు. ఇకనుంచి మీ ఆఫీసుకి మీరే అడ్మిన్. కంగ్రాట్స్!”

“బావా... మాట్లాడు బావా. అక్క ఎక్కడుంది?”

“ఎక్కడికి పోతది, ఇక్కడే, నా ఎదురుగానే. ఇందాకట్నించీ తలెత్తలేదు. ఏమే జ్యోతీ, లే. మీ చెల్లెలు పాసైందంట. ఆ ఫ్రిజ్ మీద రాసింది తుడిచెయ్, ఇక దానితో పనిలేదు.”