ఆరుసార్లు నొక్కిన కాగితం

1996. మద్రాసు చూలై పేటలో పెయింటు హోల్‌సేల్ కొట్టు వెనక గది. యజమాని ఆదికేశవులు, యూనిక్స్ కంప్యూటరు రిపేరుకు వచ్చిన సతీష్. గల్లా దగ్గర గుమాస్తా మంగళ.

"ఇదంతా ఆ గిరిగాడి పనే. వాణ్ణి తమ్ముడని చెప్పుకునేదానికే అసింగం."

"ముందు ప్రింటరు చూడనీ అన్నా."

"ఏం చూస్తావు? ఇల్లూ కొట్టూ పంచుకున్నాం, ఈ కంప్యూటరొకటే పొత్తులో ఉండాది. మేడ మింద కూసోని వాడే కెలికినాడు. పన్నెండు గంటల్లోపల మాధవరం వాసవాంబ చేతిలో నా రేటు కాగితం పెట్టాల. ఆమె అమ్మే భూమికి వాడూ కాచుకోని ఉండాడు."

"చేత్తో రాసిస్తే?"

"అచ్చేసిందే కావాలంటాది ఆ ముసల్ది."

"కేబులు బాగానే ఉండాది. ఈడినుంచి పిలిస్తే ప్రింటరు పలకతా ఉండాది."

"పలికేదానికి కాగితం ఉమ్మేదానికేం రోగం?"

"క్యూలో ఏమీ లేదన్నా."

"క్యూ అంటే? రేషన్ కొట్టుకాడ మాదిరా?"

"అదే. అచ్చుకు నిలబడిన కాగితాల లైను. లైను ఖాళీ. అంటే మీది అచ్చయిపోయింది."

"యాడ, నా నెత్తి మిందా? పొద్దున్నుంచి ఆరుసార్లు నొక్కినా!"

"ఆరూ అచ్చయినాయి... అన్నా, ఇది కొత్త ప్రింటరు కదా? నేను పెట్టిచ్చింది పాతది."

"సుమ్మా ఉండు. దానికీ దీనికీ ఏం సంబంధం?"

"ఎప్పుడు కొన్నారు?"

"కొనేదేంది... గిరిగాడు కొన్నాడు. పెద్దోణ్ణి నేను, ఆ డొక్కుదాంతో నేను సావాలనా? నిన్న వాడు కోవిలుకి పోయినప్పుడు దింపిచ్చుకున్నా."

"మరి పాతది?"

"వాడి గదిలో. వాడి మొగానికి అది చాలు."

"అయ్యో అన్నా! కంప్యూటరుకి గది తెలీదు, ప్రింటరు నంబరే తెలుసు. మీ పేరు మింద రాసుండేది పాతదాని నంబరు."

"అంటే?"

"మీ రేటు ఆరుసార్లూ గిరన్న ట్రేలోనే పడింది."

"మంగళా! మేడెక్కు! తొందరగా!"

"ఎక్కి ఏం చేసేది సార్? ఇప్పుడే గిరి సార్ ఫోన్ చేసినాడు. మాధవరం నుంచే."

"ఏమంటాడు ఆ ఎదవ?"

"మీ రేటు మింద వెయ్యి వేసినాడంట. వాసవాంబ అడ్వాన్సు తీసేసుకునిందంట."

"ఇంకా?"

"కొత్త ప్రింటరు అన్ననే ఉంచుకోమన్నాడు."

"థూ... మూడు గ్రౌండ్ల నూట ఎనభై అడుగుల భూమి, ఒక ప్రింటరుకి పాయ."