బిందె మీద పేరు

బరంపురం పెద్ద బజారులో స్టీలు సామాన్ల కొట్టు. తమ్ముడు అంకులిలో కట్టిన ఇంటి గృహప్రవేశానికి బిందె కొనడానికి ఆయన వచ్చాడు. తోడుగా తమ్ముడి కూతురు వచ్చింది.

"మీరు గిఫ్టు ఇస్తున్నారంటే నాన్న నమ్మరు, పెదనాన్నా. నిన్న మా జర్మన్ క్లాసులో కూడా ఈ మాటే వచ్చింది. వాళ్లకి గిఫ్ట్ అంటే విషం."

"అదేటి? ఇంగ్లీషోళ్లకి బహుమతి కదా."

"రెండూ ఇవ్వడం నుంచి పుట్టినవే. జర్మన్లు మందు ఇవ్వడాన్ని అలా అనేవారు. పోనుపోను అది విషమైంది. స్వీడన్‌లో అదే మాటకి పెళ్లైందని కూడా అర్థం. పిల్లనిస్తారు కదా."

"మనం కన్యాదానం అన్నట్టు. మీ పెద్దమ్మని నాకు అలాగే ఇచ్చారు. ఆవిడ పోతే, మీ నాన్న గంట దూరంలో రంభ ఊళ్లో ఉండీ సూడ్డానికి రాలేదు."

"తప్పే, పెదనాన్నా. బిందె ఇచ్చి మీరైనా మర్చిపోండి. ఎవరి పేరు కొట్టాలని మిషన్ అతను అడుగుతున్నాడు."

"కూర్మమ్మ అని కొట్టమను."

"పెద్దమ్మ పేరు ఒక్కటేనా? మీది?"

"నాది అక్కర్లేదు."

"నాన్న రోజూ ఈ బిందెలో నీళ్లే తాగాలి కదా."

"తాగనీ."

"ఆయన సంగతి మీకు తెలుసు. పేరు చూస్తే ముద్ద దిగదు."

"తెలుసు. లోతుగా కొట్టమను. ఎంత తోమినా పోకూడదు."