ఇసుక దిబ్బ మీద ఇంగ్లీషు జెండా

నా పేరు కూర్మయ్య, తండ్రి అప్పన్న. వయసు అరవై నాలుగు. హుటాన్ మెలింటాంగ్‌లో పడవ నడుపుతాను. మలయ్ వచ్చు, కంగారులో నోటికి రాదు. అందుకని తెలుగులో చెబుతున్నాను, పోలీసు స్టేషన్‌లో శివగామి గారు రాస్తున్నారు.

నిన్న ఆదివారం, 2024 మార్చి పదో తేదీ, మధ్యాహ్నం రెండూ పదికి, నాటకం వాళ్ళు అయిదుగురిని నది మొగలోని ఇసుక దిబ్బ మీద దించాను. ఇంగ్లీషువాళ్ళు మొదటిసారి ఓడ దిగి, జెండా పాతి, ఊరు కట్టడం మొదలుపెట్టిన కథ అది. కెమెరాతో వీడియో తీస్తామన్నారు. కెప్టెన్ వేషం ప్రేమ్‌నాథ్ మాస్టారిది. మా మనవరాలు మోహనప్రియది అడవి నరికే కూలి వేషం, మాటల్లేవు.

లైఫ్ జాకెట్లు అయిదూ ఇచ్చాను. ఆ కాలంలో అవి లేవని దిబ్బ మీద చాప పరిచి, దాని కింద దాచారు. వేషాలకు జేబులు లేవని ఫోన్లన్నీ నా పడవలోనే వదిలారు. నన్ను కూడా పొమ్మన్నారు.

"ఆ కాలంలో ఇంజను పడవలేటి అంకుల్? వీడియోలో పడితే అందరూ నవ్వుతారు," అన్నారు మాస్టారు.

మూడున్నరకు రమ్మన్నారు. అమావాస్య పోటు తొందరగా వస్తుందని నాకు తెలుసు. తెలిసీ సరేనన్నాను. ఆ తప్పు నాది.

మూడూ అయిదుకు రామన్ టీ కొట్టు దగ్గర ఉన్నాను. దిబ్బ మీద జెండా ఊగింది. భలే చేస్తున్నారనుకుని చప్పట్లు కొట్టాను. అవును, చప్పట్లే కొట్టాను. రామన్ కూడా కొట్టాడు.

జెండా ఆగలేదు. పరీక్షగా చూస్తే పట్టుకున్నది మోహనప్రియ. నాలుగు ఆదివారాలు రిహార్సల్ చూశాను. జెండా కెప్టెన్ ఒక్కడే పట్టుకోవాలి, కూలి ముట్టుకోకూడదు. చేతిలో టీ గ్లాసుతోనే పడవెక్కాను.

మూడూ పద్దెనిమిదికి చేరాను. దిబ్బ లేదు. ఛాతీ దాకా నీళ్ళు. అయిదుగురూ జాకెట్లు తొడుక్కుని జెండా కర్ర పట్టుకుని నిలబడ్డారు. మాస్టారు ఏడుస్తున్నారు, టోపీ మాత్రం తీయలేదు. ఒడ్డుకు వచ్చేదాకా లెక్కపెడుతూనే ఉన్నాను. ఎన్నిసార్లు లెక్కపెట్టినా అయిదుగురే. నాకు ప్రాణం లేచొచ్చింది.

"జెండా ఊపినాను గదా తాతా, సూడలేదేటి?" అంది మోహనప్రియ.

"సూసినానమ్మా. సప్పట్లు కొట్టినాను."

అది పకపకా నవ్వింది. తర్వాత నా మెడ పట్టుకుని ఏడ్చింది.

నాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు. పడవ లైసెన్సు ఉంచుతారో తీసేస్తారో మీ ఇష్టం. అయిదుగురూ ఇళ్ళలో ఉన్నారు, నాకది చాలు.

రాసినదంతా చదివి వినిపించారు. అంతా జరిగినట్టే ఉంది. చప్పట్ల మాట తీసేయమంటారా అని శివగామి గారు అడిగారు. ఉంచమన్నాను.

కూర్మయ్య, ఎడమ బొటనవేలి ముద్ర