మా ఆయనా, వాన డబ్బా

కుర్చీ తడిస్తే తడిసిందిలే తల్లీ, అదే ఆరిపోతుంది. ముందు మీ టికెట్ల ఆఫీసు గోడ మీద ఆ దేశపటం నా కళ్ళకి కనబడకుండా తిప్పెయ్యి. దాన్ని చూస్తేనే ఒళ్ళు మండుతుంది.

మా వంటింట్లో కూడా ఒకటుంది. పోపుడబ్బాల పైన. మా ఆయన వాతావరణ కార్యాలయంలో పనిచేస్తారు కదా, దానికి పిన్నులు గుచ్చుతుంటారు. ఎర్రది వడగాలి, నీలంది వాన, తెల్లది పొగమంచు. నేను ఎక్కడ వేలు పెడితే అక్కడో పిన్ను.

సముద్రం చూద్దామండీ అంటే తుఫాన్ల నెల. ఎడారికి పోదామంటే అప్పడాల్లా వేగిపోతాం. పోనీ మైదానాలకి? మంచులో రైలు ఎక్కడ ఆగిందో డ్రైవరుకే తెలియదట. ఇంత దేశం తల్లీ, ఆ కొసన వాళ్ళు దుప్పట్లో ముడుచుకుంటే ఈ కొసన మేం విసనకర్ర వదలం. ఇందులో మా ఇద్దరికీ నాలుగు రోజులు నిలబడే చోటు లేదంటే నమ్మాలా?

నాకు కావలసింది మంచుకొండ. ఒక్కసారి నా కాళ్ళతో నేను ఎక్కాలి. వచ్చే ఏడు మోకాళ్ళకి ఆపరేషన్ తప్పదన్నాడు డాక్టరు. ఆ తర్వాత కొండేమిటి, మా మేడమెట్లు ఎక్కితే గొప్ప. ఆ మాటే ఈయనతో అంటే, కొండచరియలు విరిగిపడతాయన్నారు.

ఇంతకీ ప్రతి సెలవుల్లో మేం వెళ్ళేదెక్కడికో తెలుసా? వాళ్ళ ఆఫీసు డాబా మీదకి. చాప, ఫ్లాస్కు, చల్లగాలి. నవ్వు, నవ్వు. నీకేం పోయింది?

మొన్నా అక్కడికే వెళ్ళాం. లేచేటప్పుడు ఫ్లాస్కులో నీళ్ళు మిగిలాయి. పక్కన గొట్టంలాంటి డబ్బా ఉంటే అందులో ఒంపేశా. అది వాన కొలిచే డబ్బా అని నాకేం తెలుసు?

తెల్లారి ఆఫీసువాళ్ళు ఆ డబ్బా తెరిచి చూస్తే వాన! రాత్రంతా ఆకాశం అద్దంలా ఉంది. చినుకు కూడా పడదని ఈయనే రాసిచ్చారు. పై అధికారి అందరిముందూ వేళాకోళం చేశాడట. ఇంటికొచ్చి పిన్నులన్నీ పీకి డబ్బాలో పోసేశారు. "ఇన్నేళ్ళూ నాకేదో తెలుసనుకున్నాను. నీ ఇష్టం, ఎక్కడికంటే అక్కడికే పోదాం" అన్నారు.

ఎగిరి గంతేయాలా వద్దా? వేశాను, లోపల్లోపల. అందుకే ఇలా పరిగెత్తుకొచ్చా. మంచుకొండ దారి ఇంకా తెరిచే ఉందంటున్నావుగా, మరింక ఆలస్యం దేనికి?

ఆ నీళ్ళు పోసింది నేనేనని ఆయనకి చెప్పలేదా అంటే... ఎలా చెప్పను తల్లీ? చెబితే మళ్ళీ పిన్నులు గోడెక్కుతాయి, నేను డాబా ఎక్కుతాను.

కానీ పొద్దున ఒకటైంది. బయల్దేరుతూ అలవాటుగా, "గొడుగు పట్టుకెళ్ళనా?" అని అడిగా. పెళ్ళైనప్పటి నుంచీ అడుగుతూనే ఉన్నా. కిటికీ వైపు చూడను కూడా చూడలేదు. "నన్నడక్కు, నాకేం తెలుసు" అన్నారు. ఆ మొహం చూడలేక, తీసిన గొడుగు మళ్ళీ మేకుకే తగిలించేశా.

గొడుగు లేకుండానే వచ్చా. చూశావుగా నా అవతారం.

చెప్తాలే. రైలు కదిలాక చెప్తా. ముందు ఆ రెండు టికెట్లూ ఇలా ఇయ్యి, తడవకుండా ఏదైనా కవర్లో పెట్టి.