పాటలో దొరికిన బెల్

చనిపోయిన అన్న గదిలో సింథసైజర్ ముందు కూర్చున్నాడు మరిది. వదిన మాట కాదనలేక, అన్న చేసిన పాట పెట్టి, ఆ గరగర భరించలేక పళ్లు బిగపట్టాడు.

"ఇది పాటేంటి వదినా! తగరపు రేకు మీద బల్ల ఈడ్చినట్టుంది."

"మొదట్లో నేనూ చెవులు మూసుకునేదాన్ని. మిక్సీ ఇంతకన్నా బాగా పాడుతుందండీ అని మీ అన్నయ్యను ఏడిపించేదాన్ని."

"మరి ఇప్పుడు?"

"వినగా వినగా చెవికెక్కింది. ఈ ఇంటి చప్పుళ్లే రికార్డు చేసి, సాగదీసి కలిపారు. ఆ గుర్రు ఈ ఫ్యానే. ఆ కీచు మన వంటింటి తలుపు. ఒక్కోటీ గుర్తుపడుతుంటే భలే ఉంటుంది. నిన్న బెల్ కూడా దొరికింది."

"పాత బెల్లేనా?"

"కాదు. మొన్న నువ్వు బిగించావే, పిట్ట కూత బెల్, అది."

మరిది నవ్వబోయి ఆగిపోయాడు. "అన్నయ్య పోయి ఏడాది దాటింది, వదినా."

"నేనూ అదే అనుకున్నా. దాని తర్వాత మీ అన్నయ్య దగ్గుతారు కూడా."

"చాల్లే, ఒళ్లు జలదరిస్తోంది." చటుక్కున ప్లగ్గు పీకేశాడు. పైన ఫ్యాను గుర్రుమంటూనే ఉంది. వదిన కళ్లు మూసుకుని తలాడిస్తూనే ఉంది.

పిట్ట కూసింది. వెంటనే, ఎవరో దగ్గారు.

"వదినా, పాట నేను ఆపేశాను. మోగింది మన తలుపు బెల్."

"తెలుసులే. వెళ్లి తలుపు తియ్యి. మీ అన్నయ్యను ఎంతసేపని గుమ్మంలో నిలబెడతావు?"