ట్యాంకర్ కాడి రాళ్ల లైను

"అత్తా, నువ్వు వార్డు మెంబర్ చేసినవట గద. తప్పు సర్కారుదా, మనుషులదా అని మా కాలేజీల వాదన పెట్టిన్రు. నాకేమన్న చెప్పరాదు?"

నేనేం చెప్తనే శ్రావణీ. నాలుగో తరగతి సదివినదాన్ని, మీ రుద్రారం కాలేజీల నా ముచ్చట చెప్తే నవ్వుతరు. ఆ చిక్కుడుకాయలు ఇటు జరుపు. చేతులు ఊకుంటే నాకు మాట రాదు. నువ్వు గూడ నార తియ్యి.

మెంబర్ చేసిన, నిజమే. చేసిన అంటే... అయిన. మా వార్డు ఆడోల్లకని రాసిన్రు. మీ మామ నిలబడుదామని రెండేండ్ల సంది తెల్లంగీలు ఇస్త్రీ చేయించుకుంటుండె. సీటు ఆడోల్లకు పోయిందనంగనే ఇంటికొచ్చి నన్ను కిందికెళ్లి మీదికి సూసిండు, అంగట్ల బర్రెను సూసినట్టు. సంతకం వస్తదా అన్నడు. వస్తదన్న. గంతే, నిలబెట్టిండు. గెలిచింది నేను, దండలేసుకున్నది ఆయన. నేను దర్వాజ ఎనక నిలబడి సూసిన. మంచిగనే అనిపించింది, అబద్ధమెందుకు. నలుగుట్ల నిలబడుడంటే నాకు కాళ్లు వణుకుతయ్, అప్పుడూ ఇప్పుడూ.

అప్పటికి మన ఊరు గిట్ల లేదు. ఇస్నాపూర్‌కు ఈవలి పక్క, ఇప్పుడు మూడంతస్తుల రూములున్నయి సూడు, అక్కడంత మా జొన్నచేను. ఫ్యాక్టరీ వచ్చింది, సగం పోయింది. మిగిలిన జాగల ఆరు రూములేసి కిరాయికిచ్చినం. నూటయాభై కిరాయి... కాదు కాదు, నూటిరవై. ఫ్యాను ఉన్నదానికే నూటయాభై. ఆ ఫ్యాను రూముల సుబ్బారావు గారుండె. కోస్తా పక్కాయన, పెద్ద కంపెనీల పని. మాట మాటకు 'అండీ' అంటడు. తొవ్వల పండుకున్న కుక్కను గూడ 'లేవండి' అంటడేమోనని మేం లోపల నవ్వుకునేటోల్లం. మంచి మనిషే, పాపం.

ఐతవారం వచ్చిందంటే మా అరుగు మీద ఆయనా, మీ మామా. ఇగ వాదన. చక్కెర ధర పెరిగిందంటే మీ మామ, సర్కారు తినేసిందనేటోడు. సుబ్బారావు గారేమో, సర్కారంటే ఎవరండీ, మనమే గదా, ముందు మనుషులకు క్రమశిక్షణ ఉండాలండీ అనేటోడు. ఓట్లు, కరెంటు, కంపెనీలు అమ్ముడు, యూనియన్లు, దేన్నీ ఇడ్సిపెట్టకపోదురు. నేను చాయ్‌లు అందిచ్చుడే. ఎవరు గెలుస్తున్నరో తెల్వదు గని, నా చాయ్‌పత్త మాత్రం వారం వారం ఓడిపోతుండె.

ఆఁ, నీళ్ల ముచ్చట. మా బాయిల నీళ్లు మొదలు చాయ్ రంగైనయ్, ఎనక గోరింటాకు రంగైనయ్. మీ మామ తెల్లంగీలు పచ్చగైనయ్, గప్పుడు ఆయనకు నిజంగ కోపమొచ్చింది. ఆ ఫ్యాక్టరీ కంపెనోల్లు, మురికి మాది కాదన్నరు. ఆఫీసర్లు వచ్చి సీసాలల్ల పట్టుకపోయిన్రు, మల్ల రాలే. లొల్లి చేయంగ చేయంగ, పొద్దుగాల ఒక ట్యాంకర్ పంపవట్టిన్రు. యాదగిరని ఒక డ్రైవర్. గల్లీ కొసకు, మా ఇంటి ముందట ఆపేటోడు. నీళ్లు పోసినట్టు చిట్టీ మీద మెంబర్ సంతకం కావాలె ఆయనకు. నేను ఒక్కొక్క అచ్చరం కూడబలుక్కొని పెట్టేసరికి ఆయన చాయ్ తాగుడు అయిపోయేది.

ఇగ లైను. పొద్దుగాల ఎవరికి తీరిక? ఫస్ట్ షిఫ్టుకు పోయేటోల్లు, పాలు పిండేటోల్లు. అందుకని మా గల్లీల రాయి పెట్టుడు అలవాటైంది. ముందటి రోజు పొద్దుగూకక ముందే ఇంటికో రాయి తెచ్చి లైన్ల పెడ్తరు. రాయి ఉన్నదంటే మనిషి ఉన్నట్టే. తెల్లారి ఎవరి రాయి కాడికి వాళ్లొచ్చి నిలబడుడు. ఒకరి రాయి ఇంకొకరు ముట్టేది లేదు, అదే కట్టుబాటు. మా గల్లీల కోళ్లెత్తుకపోయేటోడున్నడు, కరెంటు తీగకు కొండి ఏసేటోడున్నడు. అసుంటోల్లు గూడ రాయి ముట్టేటోల్లు కాదు.

మొదలు ఇంటికొకటే. ఎనక మెల్లగ మా అక్కది, మా కిరాయోల్లది, వచ్చే చుట్టాలది అనుకుంట పెరిగినయ్. మ్యాకలు తన్ని చిన్నయి జరుపుతున్నయని పెద్దయి తేవట్టిన్రు. ఒకరు పగిలిన రోలు, ఒకరు రాతి కంబం కడీ ముక్క. సుబ్బారావు గారు సిమెంటు దిమ్మె మీద ఎర్ర రంగుతోని పేరు రాసుకున్నడు. నలభై ఇండ్లు లేవు, నూరు రాళ్లైనయ్. ఇరుకు గల్లీ. లైను పాకి పాకి మలుపు దాక పోయింది, ట్యాంకర్ లోపలికొచ్చే తొవ్వే అది.

ఒకనాడు యాదగిరి మలుపు కాడ ఆపి హారన్ కొట్టిండు. తీయున్రి, లోపలికొస్త అన్నడు. ఎవరు తీస్తరు? తనది తీస్తే లైను పోతది, ఇంకొకరిది తీస్తే కొట్లాట. ఒకరేమో కంపెనీ నీళ్లు పాడుచేసింది, కంపెనీ కూలోల్లే వచ్చి తీయాలె అంటరు. ఇంకొకరు పంచాయతి తీయాలె అంటరు. నేనే పంచాయతి, కిటికీల నిలబడి సూస్తున్న. యాదగిరి బీడీ అయిపోయేదాక ఇన్నడు, బండి ఎనకకు తీసుకొని పై గల్లీకి పోయిండు.

అండ్ల నాకేం బాధ అంటే బిడ్డా, మీ మామ చెల్లె పద్మ కాన్పుకొచ్చి మా ఇంట్లనే ఉండె. నెల దాటని పిల్ల. ఒక్కనాడు బాయి నీళ్లతోని పోస్తే ఒళ్లంత పొక్కులొచ్చినయ్. పటాన్‌చెరు డాక్టరు, మంచి నీళ్లతోనే స్నానం పోయాలె, మల్ల గా నీళ్లు ముట్టియ్యొద్దని చెప్పిండు. ట్యాంకర్ నీళ్లు దప్ప మాకేమున్నయ్. రెండు బిందెలు మిగిలినయ్, అండ్లనే తాగుడు, అండ్లనే పిల్లకు.

నీళ్లు రాలే గద, ఇగ బుద్ధి వస్తదనుకుంటవా? ఆ పొద్దుమీకి, రేపు ముందుగాల నాకే కావాలెనని ఇంకిన్ని రాళ్లు పెట్టిన్రు. నేను గూడ కొంగు కప్పుకొని పోయి పెట్టొచ్చిన.

తెల్లారి ఐతవారం. యాదగిరి బండి మలుపు కాడనే ఆపి, చిట్టీ పట్టుకొని నడుసుకుంట వచ్చిండు. ఆయనకూ కోపమే, పాపం, రెండు ట్రిప్పులు ఖరాబ్ అయితున్నయ్.

"మెంబరమ్మా, సంతకం పెట్టు. మీ గల్లీకి ట్యాంకర్ వద్దని రాయించుకొచ్చిన. రేపటిసంది పై గల్లీకే పోత."

మీ మామ, పెట్టు పెట్టు, ఆ కాయిదం పట్టుకొని కంపెనీ గేటు కాడ కూసుందం అన్నడు. సుబ్బారావు గారు, అలా పెట్టకూడదండీ, ముందు ప్రజల్లో మార్పు రావాలండీ అన్నడు. నా నెత్తి మీదికెళ్లి ఈయన ఆయనతోని, ఆయన ఈయనతోని. గల్లీ అంత జమైంది. నా చేతిల పెన్ను. లోపల పిల్ల ఏడుస్తున్నది. పద్మ దర్వాజల నిలబడి, వదినె, బిందె అడుగుకొచ్చింది అన్నది, మెల్లగ, నాకొక్కదానికే.

ఎట్ల లేసిందో తెల్వదు నోరు.

"నేను పెట్ట," అన్న. "అండ్ల ఐదు రాళ్లు నాయే."

అందరు నాదిక్కే సూసిన్రు. మొదలుపెట్టిన గద, ఇగ ఆపలే. ఒకటి ఇంటిది, ఒకటి పద్మది, ఒకటి కిరాయోల్లది అని చెప్పిన, కిరాయోల్లు వాళ్లది వాళ్లు ఎప్పుడో పెట్టుకున్నరు. ఒకటి మీ నాయినమ్మ పేరు మీద, ఆమె మా ఊళ్లెనే ఉండకపోవు. ఐదోది ఎవరిదని మంగమ్మ అడిగింది, పక్కింటామె. తెల్వదు, ఊకెనే పెట్టిన అన్న. నిజంగ తెల్వదు. పోయి మూడు మోసిన, రెండు దొర్లించిన. కొంగు జారుతనే ఉండె, ఎత్తుకుంటనే ఉన్న.

ఎనక మంగమ్మ కిసుక్కున నవ్వి, నాయి నాలుగే, మెంబరు కన్న తక్కువే అనుకుంట తీసింది. అప్పుడు నేను మీ మామదిక్కు తిరిగి, నలుగుట్ల మొదటిసారి అడిగిన.

"నీయెన్ని?"

నేల సూసిండు. "మూడు," అన్నడు. నాకు తెల్వకుంట, నా మొగడు. నాకు నవ్వాగలే. ఒక్కింటికి ఎనిమిది రాళ్లు. సుబ్బారావు గారి పేరు దిమ్మె తీస్తే దాని ఎనక ఆయన భార్య పేరుతోని ఇంకోటున్నది. ఆయన మొఖం ఆ రంగు కంటే ఎర్రగైంది. ఎవరిది వాళ్లే తీసుకున్నరు, తీయనోల్లు గూడ ఉండె, మూడో నాలుగో ఇండ్లోల్లు. వాటిని తప్పిచ్చుకుంట యాదగిరి బండి లోపలికి తెచ్చిండు.

గని బిడ్డా, రాయి తీస్తే లైను పోతది గద, అందరికంటే ముందుగాల తీసింది నేను, కొసకు పోయిన. అదే న్యాయం. నా వంతొచ్చేసరికి పైపు బుస్సుమన్నది, నాలుగు చుక్కలు. ఖాళీ బిందె పట్టుకొని నిలబడ్డ. తప్పు చేసిన్నా అనుకున్న. పిల్లకు పొయ్యనీకి చెంబెడు గూడ లేకపాయె. కండ్లల్ల నీళ్లు తిరిగినయ్, మంది సూడొద్దని బండి ఎనకకు పోయిన.

ఇంటికొచ్చేసరికి దర్వాజ కాడ నిండు బిందె. సుబ్బారావు గారు పెట్టి, ఇంకా అక్కడనే నిలబడ్డడు. పాపకండీ, అన్నడు. ఆయన ఎనక మంగమ్మ ఒక సగం బిందె తెచ్చింది. రెండూ లోపలికి మోసుకపోయిన.

పిల్లకు నీళ్లు పోసినం. గా పూట చాయ్ పెట్టేవరకు అరుగు మీద మల్ల మొదలైంది. గని ఏమైందో ఎర్కేనా, సుబ్బారావు గారేమో, సర్కారు నల్లా వేస్తే ఎవరు పెడతారండీ రాళ్లు, వ్యవస్థే బాలేదు అంటడు. మీ మామేమో, వ్యవస్థ ఏంజేస్తది సార్, మనుషులల్ల నీతి లేదు అంటడు. ఒకరి మాట ఒకరు ఎత్తుకున్నరు, వాళ్లకే తెల్వలే. నేను చాయ్ తట్ట పట్టుకొని లోపలికురికి నవ్విన.

ఎవరిది నిజమంటవా. నా రాయి నేను తీసినంత మాత్రాన బాయి నీళ్లు తెల్లగ కాలే. అది ఖరాబ్ చేసినోల్లు చేసినోల్లే, వాళ్లను అడిగేదుండె, నేను మెంబర్ ఉన్నన్ని దినాలు సరిగ అడగలే. అది గూడ నాదే తప్పు. గని నీళ్లొచ్చినా ఇంటికి చేరకుంట అడ్డం పడ్డది మాత్రం మా రాళ్లే. రెండూ నిజమే. రెండు నిజాలను ఒక్కపారి మొయ్యాలంటే మొగోల్లకు బరువైతది, ఒకటి కింద పెడ్తరు.

సాలు, కాయలైనయ్. లే ఇగ. తప్పు నీదైననాడు నలుగుట్ల ఒప్పుకునే గుండె దేవుడు నీకియ్యాలె తల్లీ. తప్పు అవతలోనిదైననాడు మొఖం మీద అడిగే నోరు గూడ ఇయ్యాలె. నాకు ఒక్కటిచ్చిండు, అది గూడ ఒక్కనాడే. నీకు రెండూ... ఆఁ, రెండూ ఉండాలె.